రెక్కల ఖరీదు ఎంతో మీకు తెలుసా?

మీకు తెలుసా? మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు, అదే అందరూ సీపీఎల్ అనేది, చేతికి రావాలంటే 200 గంటలు విమానంలో ఎగరాలి. రోజుల్లోకి మారిస్తే ఎనిమిది రోజుల ఎనిమిది గంటలు. అంతే! ఆ కాస్త సమయానికి అయ్యే ఖర్చు మాత్రం దాదాపు అరకోటి!

లెక్క కావాలా? ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. 1985లో పుట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడ ఫీజు సుమారు 45 లక్షలు. దాన్ని 200తో భాగిస్తే గంటకు 22,500. అంటే నిమిషానికి 375 రూపాయలు. కిటికీలోంచి ఒక్క నిమిషం దిక్కులు చూశారా, ఒక ప్లేటు బిర్యానీ హుష్ కాకి!

ఎగిరితేనే డబ్బు అనుకుంటున్నారా? కాదు. చాలా ఫ్లైయింగ్ స్కూళ్లలో విమానం తన చోటు నుంచి కదిలినప్పటి నుంచే లెక్క మొదలు. రన్‌వే ఖాళీ అయ్యేదాకా వరసలో నిలబడ్డ సమయం కూడా బిల్లులోకి వస్తుంది. నేల మీద ఉన్నా ఆకాశం రేటే!

ఈ చిన్న విమానాలు తాగేది ఏమిటో మీకు తెలుసా? సెస్నా 172 లాంటి శిక్షణ విమానాల్లో ఎక్కువ భాగానికి ‘ఏవ్‌గ్యాస్’ అనే ప్రత్యేక పెట్రోలు కావాలి. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ మన గుజరాత్ రిఫైనరీలో తయారైన ఏవ్‌గ్యాస్‌ను విడుదల చేసేదాకా దీన్ని విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లం. ఇంకో వింత: మన కార్ల పెట్రోలులోంచి సీసం 2000లోనే మాయమైంది. ఏవ్‌గ్యాస్‌లో ఇంకా ఉంది!

సరే, లైసెన్సు వచ్చింది. ఇక ఎయిర్‌బస్ ఎక్కేయొచ్చా? ఆగండాగండి! ఏ రకం పెద్ద విమానం నడపాలంటే ఆ రకానికి విడిగా ‘టైప్ రేటింగ్’ చెయ్యాలి. ఎయిర్‌బస్ 320కి ఇంకో 12 నుంచి 20 లక్షల దాకా. ఆ కాగితంతో 319, 321 కూడా నడపొచ్చు. బోయింగ్ 737 మాత్రం ముట్టుకోకూడదు. దానికి మళ్లీ వేరే కోర్సు, వేరే బిల్లు! మొదటి పాఠం నుంచి టైప్ రేటింగ్ దాకా అన్నీ కలిపి విమాన సంస్థలు నడిపే క్యాడెట్ కోర్సుల్లో చేరితే, కోటి చుట్టుపక్కల తేలుతుంది.

అన్నిటికన్నా చవకైన పరీక్ష ఏమిటో మీకు తెలుసా? వైద్య పరీక్ష! పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన డాక్టర్ల దగ్గర ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. కొన్ని వేలల్లో అయిపోతుంది. ఇందులో పాస్ కాకపోతే లక్షలు పోసిన శిక్షణ మొత్తం వృథా. అందుకే ఫీజు కట్టకముందే ఇది చేయించుకోండి. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్ల చేత కూడా చదివించండి. అన్నట్టు, కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరన్నది ఉత్త పుకారు. అద్దాలతో చూపు నిర్దేశించిన ప్రమాణానికి వస్తే చాలు!

పన్ను సంగతి మీకు తెలుసా? 18 శాతం జీఎస్టీ పడుతుందా లేదా అని ఈ ఫీజుల మీద చాలాకాలం తగువు నడిచింది. 45 లక్షల మీద 18 శాతమంటే 8 లక్షల 10 వేలు! 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి ఆ తగువు తేల్చేసింది. డీజీసీఏ ఆమోదించిన సంస్థల్లో, ఆమోదించిన కోర్సులకు జీఎస్టీ లేదు. మీ ఫీజు రసీదులో ఆ గీత కనిపిస్తే అడగండి, గట్టిగానే అడగండి!

బ్యాంకులు పైలట్ చదువుకు అప్పిస్తాయా? ఇస్తాయి! బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో పైలట్ శిక్షణ పేరు పెట్టి మరీ ఉంది. మెలిక ఒక్కటే. ఆ నమూనా ప్రకారం అప్పు ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టాలి. అమ్మాయి పైకి ఎగరాలంటే ఇంటి దస్తావేజులు బ్యాంకులో దిగాలన్నమాట!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకోండి. 50 లక్షలు, 10 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అనుకుందాం. నెలకు వాయిదా సుమారు 53,700. చివరి వాయిదా కట్టేనాటికి మీరు ఇచ్చింది దాదాపు 97 లక్షలు! ఒక పైలట్‌ను తయారు చేసిన డబ్బుకు దాదాపు ఇంకో పైలట్ ఖర్చు వడ్డీగా పోయింది.

కాస్త ఊరట కూడా ఉంది. కోర్సు జరిగినంత కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది అసలు వాయిదాలు మొదలుకావు. ఆదాయపు పన్నులో పాత పద్ధతి ఎంచుకున్నవాళ్లకు విద్యారుణం వడ్డీ మొత్తం మీద ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు. దీనికి పరిమితి లేదు. ఎంత వడ్డీ కడితే అంతా!

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ‘టాప్ క్లాస్’ స్కాలర్‌షిప్పు పైలట్ కోర్సుకు కూడా వర్తిస్తుందని మీకు తెలుసా? మిగతా ప్రైవేటు కాలేజీలకు ఏడాదికి 2 లక్షల పరిమితి పెట్టినవాళ్లు, ప్రైవేటు ఫ్లైయింగ్ క్లబ్బులకు 3.72 లక్షలు పెట్టారు. ఎక్కువే కదా అనుకునేలోపు ఇందాకటి లెక్క గుర్తు చేసుకోండి. గంటకు 22,500 చొప్పున ఆ డబ్బు పదహారున్నర గంటలకు సరి! ఈ పరిమితి పెరగాలి, గట్టిగా పెరగాలి.

గుజరాత్ ఇంకో దారి తొక్కింది. అక్కడి ఎస్సీ విద్యార్థులకు పైలట్ శిక్షణ కోసం ప్రభుత్వమే 25 లక్షలు అప్పిస్తుంది. వడ్డీ? 4 శాతం! ఏడాదికి లక్ష. ఇలాంటిది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి పేద పిల్లకీ పిల్లాడికీ అందితే ఎంత బావుంటుందో!

హైదరాబాద్ పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రికి పుట్టిన ఒక అమ్మాయి పైలట్ అయిందని మీకు తెలుసా? దాతల చేయూతతో అడుగు మొదలైంది. ఖరీదైన చివరి మెట్లకు ప్రభుత్వ నిధులు అందాయి. బేకరీ పొయ్యి దగ్గర మొదలైన ఇంటి కథ కాక్‌పిట్ దాకా వెళ్లింది, శభాష్!

మన అల్లూరి జిల్లాను ఆనుకుని ఉండే ఒడిశాలోని మల్కన్‌గిరి గుర్తుందా? అక్కడి ఒక పోలీసు ఉద్యోగి కూతురు ఇంజినీరింగ్ మధ్యలో మానేసి విమానాల బాట పట్టింది. తండ్రి అప్పులు చేశాడు, చుట్టాలు తలా ఇంత సర్దారు. 2019లో ఆమె కో-పైలట్ సీట్లో కూర్చుంది. రైలు కూడా లేని జిల్లా నుంచి ఏకంగా విమానం!

ఇంతకీ ఒక్క పైసా కట్టకుండా విమానం నడపడం నేర్పే చోటు హైదరాబాద్ పక్కనే ఉందని మీకు తెలుసా? దుండిగల్! భారత వాయుసేన అకాడమీ. ఫీజు సున్నా. పైగా శిక్షణ కాలంలో నెలకు 56,100 రూపాయల స్టైపెండు వాళ్లే ఇస్తారు! బయట నిమిషానికి 375 కట్టేచోట ఇక్కడ ఎదురిస్తారు. బదులుగా వాళ్లడిగేది డబ్బు కాదు, ఏళ్లు. షార్ట్ సర్వీస్ ఫ్లైయింగ్ ఆఫీసరైతే 14 ఏళ్ల సేవ. ఎంపిక పరీక్షలు కఠినం. కానీ ప్రయత్నించకుండా వదిలేసే తలుపు మాత్రం కాదిది!

బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో స్పీడ్‌బర్డ్ అకాడమీ ప్రకటించింది. ఒక్కో అభ్యర్థికి లక్ష పౌండ్ల దాకా అయ్యే శిక్షణ ఖర్చు సంస్థదే. అభ్యర్థి తెచ్చుకోవాల్సింది తెలివి, ఓపిక! మరి ఇదే ఐరోపాలో ఇంకో విడ్డూరం కూడా జరిగింది. కొన్నిచోట్ల అనుభవం కోసం కొత్త కో-పైలట్లు సంస్థలకే ఎదురు డబ్బు కట్టి విమానాలు నడిపారు. వెనక సీట్లో ప్రయాణికుడు టిక్కెట్టు కొన్నాడు, ముందు సీట్లో పైలట్ కూడా కొన్నాడు!

మీకు తెలుసా, అసలు సిమ్యులేటరు పుట్టిందే దండగైన ఫీజులోంచి! 1920లో అమెరికా కుర్రాడు ఎడ్ లింక్ 50 డాలర్లు కట్టి మొదటి పాఠానికి వెళ్లాడు. పైలట్ గిరికీలు కొట్టించి దింపేశాడు. కుర్రాడి చేతికి కంట్రోళ్లు తగలనేలేదు! వాళ్ల నాన్న ఆర్గన్ వాయిద్యాలు తయారుచేసేవాడు. ఆ తిత్తులు, గొట్టాలతోనే 1929 నాటికి నేల మీద ఊగే ఉత్తుత్తి విమానం కట్టాడు లింక్. మొదట్లో అది వినోదశాలల్లో నాణెం వేసి ఆడుకునే బొమ్మగానే అమ్ముడైంది. 1934లో అమెరికా సైన్యం ఆరు కొంది. ఇవాళ్టి టైప్ రేటింగ్ దాదాపు అంతా దాని ముని మనవల్లోనే జరుగుతోంది!

ఫీజు కోసం జనం ఏమేం చేశారో చూడండి. కేథరిన్ స్టిన్సన్ అనే అమెరికా అమ్మాయి పియానో చదువుకు డబ్బు కూడబెట్టాలని పైలట్ కావాలనుకుంది. పైలట్ కావడానికి డబ్బెక్కడిది? పియానో అమ్మేసింది! 1912లో లైసెన్సు పుచ్చుకుంది. మళ్లీ పియానో వైపు చూడలేదు.

అమేలియా ఇయర్‌హార్ట్ ఫొటోలు తీసింది, ట్రక్కు తోలింది, టెలిఫోన్ కంపెనీలో స్టెనోగా పనిచేసింది. అలా వెయ్యి డాలర్లు పోగేసి 1921లో పాఠాలు మొదలుపెట్టింది. చికాగోలో గోళ్లు అందంగా తీర్చే బెస్సీ కోల్‌మన్‌ను, నల్లజాతి మహిళ అన్న కారణంతో, అమెరికాలో ఏ స్కూలూ చేర్చుకోలేదు. ఫ్రెంచి నేర్చుకుని, ఒక పత్రికాధిపతి, ఒక బ్యాంకరు ఇచ్చిన అండతో ఫ్రాన్స్ వెళ్లి, 1921 జూన్‌లో లైసెన్సు పుచ్చుకుని తిరిగొచ్చింది. సొంత దేశం మూసిన తలుపును పరాయి భాషతో తెరిచింది!

మన జేఆర్‌డీ టాటాకు మన దేశంలో మొట్టమొదటి లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న వచ్చింది. నంబరు 1! ఇంగ్లండుకూ ఇండియాకూ మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి పెట్టాడు. మరుసటి ఏడాది పోటీలో ఉన్న జేఆర్‌డీ దారిలో ఈజిప్టులో దిగితే, ఎదురు దిశలో వస్తున్న 17 ఏళ్ల ఆస్పీ ఇంజినీర్ స్పార్క్ ప్లగ్గు పాడై చిక్కుకుని ఉన్నాడు. జేఆర్‌డీ తన దగ్గరున్న ప్లగ్గు ఇచ్చేశాడు. ఆ ప్లగ్గుతో ఎగిరిన కుర్రాడే కొద్ది గంటల తేడాతో గెలిచాడు! తర్వాతి కాలంలో మన వాయుసేనాధిపతీ అయ్యాడు. ప్రత్యర్థికి పంచిన ప్లగ్గు దేశానికి పనికొచ్చింది!

మన దగ్గర 200 గంటలైతే, అమెరికాలో ఎయిర్‌లైన్ కో-పైలట్ కావడానికి మామూలుగా ఎన్ని గంటలో మీకు తెలుసా? 1,500! బఫెలో దగ్గర 2009లో 50 మంది ప్రాణాలు తీసిన ప్రమాదం తర్వాత తెచ్చిన నిబంధన ఇది. అందుకే అక్కడి కుర్రకారు లైసెన్సు రాగానే చిన్న స్కూళ్లలో మాస్టర్లవుతారు. జీతం తీసుకుంటూ గంటలు పోగేసుకుంటారు. విద్యార్థి కట్టే డబ్బుతో గురువు లాగ్‌బుక్కు నిండుతుంది!

ఒక్కసారి ఎగిరి ఆ 1,500 గంటలూ పూర్తి చేయొచ్చా? నవ్వకండి, చేశారు! 1958 డిసెంబరులో లాస్ వేగాస్‌లో ఇద్దరు ఒక సెస్నా 172 ఎక్కి, 1959 ఫిబ్రవరిలో దిగారు. 64 రోజుల 22 గంటల 19 నిమిషాలు! అంటే 1,558 గంటలు. రోడ్డు మీద పరుగెత్తే ట్రక్కు నుంచి గొట్టంతో పెట్రోలు, తాడుతో భోజనం పైకి లాక్కున్నారు. మన సీపీఎల్ లెక్కలో ఏడు లైసెన్సులకు పైనే!

ఎయిరిండియా వాళ్లు అమరావతిలో భారీ పైలట్ స్కూలు పెడుతున్నారని విని ఎగిరి గంతేశారా? అది మహారాష్ట్ర అమరావతి! పెట్టుబడి 200 కోట్లకు పైగా, 34 శిక్షణ విమానాలు, ఏడాదికి 180 మంది పైలట్లు అన్నది లక్ష్యం. వాటిలో 31 ‘పైపర్ ఆర్చర్ డీఎక్స్’ రకం. పెద్ద విమానాలు తాగే జెట్ ఇంధనంతోనే నడుస్తాయి, ఏవ్‌గ్యాస్ అక్కర్లేదు!

స్కూలు ఎంచుకునే ముందు ర్యాంకు చూస్తున్నారా? 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఫ్లైయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి జాబితాలో ఏ ప్లస్ ప్లస్, ఏ ప్లస్ గ్రేడ్లు ఎన్నిటికి వచ్చాయో ఊహించండి. ఒక్కదానికీ రాలేదు! ఆస్తి తనఖా పెట్టి కట్టే ఫీజు ఇది. ఆ జాబితా చూడకుండా సంతకం చేయకండి.

ఇంకొక్కటి. మన దేశంలో పైలట్లలో మహిళల వాటా ప్రపంచ సగటుకు రెట్టింపు పైనే అని మీకు తెలుసా? విమాన సంస్థల్లో చేరిన మహిళా పైలట్ల వరసలో మొదటి పేరు ప్రేమ్ మాథుర్. అలహాబాద్ ఫ్లైయింగ్ క్లబ్బులో లైసెన్సు తెచ్చుకుని 1947లో ఉద్యోగం అడిగితే ఎనిమిది విమాన సంస్థలు కాదన్నాయి. రమ్మన్న తొమ్మిదోది ఎవరిదనుకుంటున్నారు? మన హైదరాబాద్‌ది! నిజాం సంస్థానపు డెక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ప్రేమ్ మాథుర్ ఏకంగా జాతీయ ఎయిర్ రేస్ గెలిచేసింది. మర్నాటి పేపరు ఆ ఎనిమిది సంస్థల వాళ్లూ చదివే ఉంటారు!