మోరి నుంచి తీర్మానం పుస్తకం దాకా

మా దిక్కు మాటల్లో పంచాయతి అంటే ముందు గుర్తొచ్చేది ఆఫీసు కాదు, తగువు. "వాళ్ళింట్ల పంచాయతి అయింది" అంటే అన్నదమ్ములు గట్టు దగ్గర కొట్లాడుకున్నారని. "పెద్దమనుషులు పంచాయతి తెంపిన్రు" అంటే నలుగురు కూర్చొని ఆ కొట్లాట సర్దిచెప్పారని. జనగామ జిల్లా బచ్చన్నపేటలో ఏ చాయ్ హోటల్ ముందు నిలబడ్డా ఈ మాట ఈ అర్థంలోనే ఎక్కువ వినిపిస్తుంది. గ్రామ పంచాయతీ అనే సర్కారు వ్యవస్థ ఆ మాట మీదికి తర్వాత వచ్చి కూర్చుంది. అందుకే కావచ్చు, దాని పనిని కూడా మనం తగువు తెంపినట్టే చూస్తాం. సర్పంచ్ దగ్గరికి పోయి చెప్పుకుంటాం. ఆయన సరే అంటే అయినట్టు, చూద్దాం అంటే కానట్టు.

చట్టం లెక్క ఇట్లా ఉండదు. అది తెలియాలంటే ఒక మోరి వెంట నడిచి చూడాలి.

మీ వాడకట్టులో మోరి పూడిపోయిందనుకుందాం. నాలుగు చినుకులు పడితే మురికినీళ్ళు వాకిట్లోకి వస్తున్నాయి. సర్పంచ్ బండి మీద పోతుంటే ఆపి, "అన్నా, మా గల్లీ మోరి సంగతి చూడవా" అన్నారు. "చేపిద్దాం తీ, కాకా" అని ఆయన పోయాడు. ఆయన మనస్ఫూర్తిగానే అని ఉండొచ్చు. అయినా కాగితం దృష్టిలో అప్పటికి ఏమీ జరగలేదు. అడిగినట్టు ఎక్కడా రాసి లేదు, ఒప్పుకున్నట్టూ రాసి లేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ అడిగితే ఇద్దరికీ కోపాలు వస్తాయి. అప్పుడది అసలైన పంచాయతి అవుతుంది.

మోరి నోటిమాట నుంచి కాగితం మీదికి ఎక్కడానికి రెండు చోట్లున్నాయి. జనం ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. మొదటిది గ్రామసభ. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ ఇందులో సభ్యుడే, సభ్యురాలే. ఎవరూ పిలిచి చేర్చుకోనక్కర్లేదు, ఓటు ఉంటే చాలు. రెండోది పాలకవర్గం సమావేశం. సర్పంచ్, ఉప సర్పంచ్, వార్డు సభ్యులు కలిసి నెలకోసారి కూర్చునేది. ఊరి జనాభాను బట్టి వార్డులు 5 నుంచి 21 దాకా ఉంటాయి. ఊరికి ఏం కావాలో వరుస కట్టి చెప్పేది గ్రామసభ. ఆ వరుసను పట్టుకొని ఖర్చుకు తీర్మానం చేసేది పాలకవర్గం.

2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. కోరం కూడా పెట్టింది. 500 లోపు ఓట్లున్న ఊరికి 50 మంది, వెయ్యి దాటి మూడు వేల లోపుంటే 150 మంది రావాలి. ఆ లెక్కన ఏడాదికి ఆరు సభలు. మన ఊళ్ళో పోయిన ఏడాది ఎన్ని జరిగాయో, ఎన్నింటికి మీరు పోయారో ఒక్కసారి మనసులో లెక్కేసుకోండి. నా లెక్క మాత్రం అడక్కండి.

జనం రారా అంటే, వస్తారు. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ళు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా పథకాల కోసం రాష్ట్రమంతా గ్రామసభలు పెడితే టెంట్ల కింద నిలబడే జాగ దొరకలేదు. జాబితాలో పేరు లేనివాళ్ళు అధికారులను అక్కడికక్కడే నిలదీశారు. అదే ఊరిలో జమాఖర్చుల సభ పెడితే కారోబార్, సఫాయి కార్మికులు, పని లేక వచ్చిన నలుగురు ముసలివాళ్ళు. జనాన్ని నిందించడం తేలిక. నాకైతే తప్పు చాటింపులో ఉందనిపిస్తుంది. వెనకట డప్పు సాటింపు వేస్తే ఎందుకు రమ్మంటున్నారో కూడా చెప్పేవారు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో "రేపు 10 గంటలకు గ్రామసభ, అందరూ హాజరు కాగలరు" అని ఒక ముక్క పడుతుంది. దాని కింద వెంటనే ఇరవై గుడ్ మార్నింగ్ పువ్వులు వచ్చి పడతాయి. ఇంగ్లండులో 1894 చట్టంతో పుట్టిన పారిష్ కౌన్సిళ్ళు మన పంచాయతీలకు దూరపు చుట్టాల్లాంటివి. అక్కడ సమావేశానికి కనీసం మూడు రోజుల ముందు, ఏయే సంగతులు మాట్లాడతారో అందరికీ కనబడేచోట అతికించాలి. మన పంచాయతీ గోడకూ నోటీసు బోర్డు ఉంటుంది. దాని మీద ఎజెండా ఎన్నిసార్లు కనబడుతుందన్నదే సంగతి.

సరే, మన మోరి గ్రామసభకు వచ్చింది. లేచి చెప్పారు. చెప్పి కూర్చుంటే సగం పనే. బల్ల మీద ఉన్న పుస్తకాన్ని చూడాలి. పొడుగాటి గీతల రిజిస్టరు, అట్ట మూలలు నలిగి ఉంటుంది. పేజీ పైన తేదీ, కింద "ఎజెండా 1, ఎజెండా 2" అని పంచాయతీ కార్యదర్శి చేతిరాత. ఒక్కో అంశం కింద తీర్మానం. చివర్లో సంతకాలు, నడుమ నడుమ నీలిసిరా వేలిముద్రలు. చాలా ఊళ్ళలో సంతకాలు ముందు పడతాయి, పైన రాత తర్వాత నిండుతుంది. వచ్చినవాళ్ళు అటెండెన్స్ అనుకొని సంతకం పెట్టి పోతారు, పైనున్న ఖాళీలో ఏం రాస్తారో వాళ్ళకు తెలియదు. అందుకని సంతకానికి ముందు "మా మోరి ముచ్చట రాసిన్రా, ఒకసారి చదువున్రి" అని అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. ఆ ఒక్క వాక్యం లేకపోతే మీరు సభలో మాట్లాడినట్టే లెక్క కాదు. సర్పంచ్ మహిళ అయినచోట ఆ పుస్తకంలో పడాల్సింది ఆమె సంతకం. సగం స్థానాలు మహిళలవే. కుర్చీలో కూర్చొని ముచ్చట నడిపేది మాత్రం చాలాచోట్ల పెనిమిటే. చట్టంలో ఆయనకు ఏ హోదా లేదు.

పుస్తకంలో రాసిందే నిజమవుతుందన్న సంగతి ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. జనగామ తాలూకాలో పట్వారీ పహాణీలో ఏ పేరు రాస్తే భూమి వాళ్ళదయ్యేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దొరతో పోరాడింది తాను దున్నుకున్న భూమి, చేతికొచ్చిన పంట కోసం. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటాకు నేలకొరిగాడు. ఆ తెలంగాణ సాయుధ పోరాటకాలంలో ఊళ్ళలో ఏర్పడ్డ గ్రామరాజ్య కమిటీలు భూములు పంచాయి, కూలిరేట్లు నిర్ణయించాయి, తగువులు తెంపాయి. పటేల్, పట్వారీ వ్యవస్థ మాత్రం ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా నడిచింది. అప్పటి పుస్తకాన్ని రైతు ముట్టుకునే వీలు లేదు. ఇప్పటి తీర్మానం పుస్తకాన్ని అడిగి చూసే హక్కు ఓటరుకు ఉంది. ఈ తేడా చిన్నది కాదు.

పాలకవర్గంలో ఖర్చుకు తీర్మానం అయ్యాక పైసల ముచ్చట. పంచాయతీకి సొంతంగా వచ్చేవి ఇంటి పన్ను, నల్లా బిల్లు, అంగడి ఉన్నచోట తైబజార్ వేలం పైసలు. వీటితో పెద్ద పనులు కావు. అసలు బరువు మోసేది ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి ఇచ్చిన గ్రాంటులో 60 శాతానికి ముడి వేసి పంపింది. అందులో సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోనిచ్చింది, కానీ జీతాలకు మాత్రం వాడొద్దంది. మన మోరికి ఇది మంచి వార్త. మురికినీటి పని పారిశుధ్యం కిందికి వస్తుంది గనుక ముడివేసిన పైసల్లోంచే అడగొచ్చు. "ఫండ్స్ లేవు" అన్న జవాబు వస్తే "ఏ ఫండ్ లేదు" అని తిరిగి అడగాలి. సీసీ రోడ్డుకు లేకపోవచ్చు, మోరికి ఉండొచ్చు.

అయితే నిజంగానే పైసలు లేని కాలం ఒకటి నడిచింది. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి 1తో ముగిసింది. ఐదేళ్ళు నిండకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం చెప్తున్నా, బీసీ రిజర్వేషన్ల చిక్కులో అవి వాయిదా పడుతూ వచ్చాయి. దాదాపు 22 నెలలు ప్రత్యేకాధికారుల పాలన. వేరే పనుల్లో మునిగిన ఒక అధికారికి మూడు, నాలుగు ఊళ్ళు అప్పజెప్తే ఆయన ఏ ఊరి మోరి చూస్తాడు? ఎన్నికైన పాలకవర్గం లేనిచోటికి ఆర్థిక సంఘం గ్రాంటు రాదు, ఆ నిబంధన ఉంది. అట్లా కేంద్రం పైసలు ఆగాయి. ట్రాక్టరు డీజిల్‌కు పంచాయతీ కార్యదర్శులు జేబులోంచి పెట్టిన ఊళ్ళున్నాయి. పాత సర్పంచులు సొంతంగా అప్పు తెచ్చి చేసిన పనుల బిల్లుల కోసం హైదరాబాదు దాకా పోయి ధర్నాలు చేశారు. చివరికి 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఓట్లు పడ్డాయి. రాష్ట్రంలోని 12,700 పైచిలుకు పంచాయతీలతో పాటు ఇక్కడా పాలకవర్గాలు మళ్ళీ వచ్చాయి.

ఇక పైసలు బయటికి తీసే చెక్కు సంగతి. 2018 చట్టం దాని మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా పెట్టించింది. అంతకుముందు కార్యదర్శి సంతకం ఉండేది. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంటారన్నది ఆలోచన. ఇద్దరికీ పొసగని ఊళ్ళలో బిల్లులు నెలల తరబడి ఆగాయి, బాగా పొసిగిన ఊళ్ళలో కన్నేసే మనిషే లేకపోయాడు. అదే చట్టం ప్రతి ఊరికీ నాలుగు స్థాయీ సంఘాలు పెట్టమంది. పారిశుధ్యానికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, చెట్లకు ఒకటి, పనులు అంగళ్ళకు ఒకటి. వీటిలో గెలిచినవాళ్ళే కాదు, మామూలు జనం కూడా ఉండొచ్చు. కాగితం మీద ఇవి దాదాపు అన్ని ఊళ్ళలో ఉన్నాయి. మీ ఊరి పారిశుధ్య కమిటీలో ఎవరున్నారో అడిగి చూడండి, ఆ ఉన్నవాళ్ళకే తెలియకపోవచ్చు. వరంగల్ పక్క గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఇట్లాంటి చట్టం రాకముందే కమిటీలతో ఊరు నడిపి దేశంలో పేరు తెచ్చుకుంది. నీళ్ళకు ఒక కమిటీ, కేబుల్ టీవీకి ఒక కమిటీ, ఇంటి పన్ను పూర్తిగా వసూలు. ఆ ఊరిని చూసి రావడానికి పంపిన సర్పంచుల బస్సులకు లెక్కలేదు. చూసొచ్చి ఏం చేశారన్నది మరో వ్యాసం.

లెక్క చూడాలంటే ఆఫీసు తలుపు తట్టకుండా కూడా చూడొచ్చు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మండలం, ఊరు పేరు ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళికలో ఏ పనులు రాశారో, ఎన్ని పైసలు వచ్చాయో, దేనికి పోయాయో ఫోన్లోనే కనబడుతుంది. మన మోరి అందులో ఉందో లేదో రెండు నిమిషాల పని. అక్కడ అర్థం కాకపోతే సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద అడగొచ్చు. ఊరి స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు. మండలం ఆఫీసుకైతే 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తీర్మానం నకలు, బిల్లు నకలు, ఎంబీ నకలు కావాలని స్పష్టంగా రాస్తే చాలు.

ఎంబీ అంటే కొలతల పుస్తకం. మోరి కట్టడం అయ్యాక పంచాయతీరాజ్ ఏఈ టేపు పట్టుకొని వచ్చి పొడవెంత, లోతెంత, గోడ మందమెంత అని కొలిచి అందులో రాస్తాడు. ఆ రాతను బట్టే బిల్లు. కాంట్రాక్టు మనిషి ఒక కొస పట్టుకుంటాడు, ఏఈ ఇంకో కొస పట్టుకుంటాడు. కొలత అయిపోవడానికి ఓ పావుగంట పట్టొచ్చు. మోరి మీ వాకిటి ముందే కాబట్టి, బయటికొచ్చి నిలబడి, ఎన్ని మీటర్లు వచ్చిందని అడిగి, మీ కాయితం మీద మీరూ రాసుకోండి.