కుంజుమ్ కనుమకు సన్నాహము

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అని మన పెద్దలు చెప్పుదురు. ఆపద మీదబడిన తరువాత ఉపాయమును వెదకువారిని గూర్చి పుట్టిన సామెత ఇది. కొండలలో ప్రయాణము చేయువారికి ఈ సామెత యొక్క సత్యము బాగుగా బోధపడును. అచ్చట సహాయము చేయువారు దగ్గరలో నుండరు, అంగళ్ళుండవు, వాతావరణము గడియకొక తీరుగా మారుచుండును. కావున అట్టి యాత్రలో జయాపజయములు చాలవరకు ఇంటివద్దనే నిర్ణయింపబడుచున్నవి. మోటారు సైకిలుపై హిమాలయములలోని రాళ్ళదారులను దాటువారి సన్నాహమును పరిశీలించినచో ఈ విషయము స్పష్టమగును.

తారుబాటపై నడచు మోటారు సైకిళ్ళు ఒక తెగ. బురదలో, ఇసుకలో జరుగు పందెములకై చేయబడినవి వేరొక తెగ. మొదటివి రాళ్ళపై నిలద్రొక్కుకొనలేవు. రెండవవానికి దీపములు మొదలగు పరికరములు లేకుండుటచే వానిని నగరవీథులలో నడపుటకు చట్టము అంగీకరింపదు. ఈ రెండు పనులకును తగినట్లు నిర్మింపబడిన వాహనమునకు డ్యూయల్ స్పోర్ట్ మోటారు సైకిలు అని పేరు. జపాను దేశపు యమహా సంస్థవారు 1968లో డీటీ-1 అను వాహనమును అమెరికాలో విక్రయింప నారంభించిన పిదప ఈ తెగ జనసామాన్యమునకు చేరువయ్యెను. మన దేశమున 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 అను వాహనములు వెలువడినవి.

ఈ వాహనముల ముందుచక్రము పెద్దది. దాని అంచు వ్యాసము 21 అంగుళములు. ఎద్దుబండి చక్రము పెద్దదగుటచేతనే గుంటలను సులభముగా దాటగలుగుచున్నదని పల్లెలలోని వారెల్లరు ఎరుగుదురు. ఇచ్చట పనిచేయునదియు ఆ సూత్రమే. ఇంజను అడుగు భాగము నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తున నుండుటచే రాళ్ళు తగిలెడి భయము తగ్గును. అయినను, వాహనము ఎంత గట్టిదైనను నడపువాని అజాగ్రత్తను అది క్షమింపదు.

హిమాచల ప్రదేశములో స్పితి లోయ కలదు. దాని ముఖ్యపట్టణము కాజా. కాజానుండి లోసర్ గ్రామము మీదుగా పోయిన దారి 4,500 మీటర్లకు పైబడిన కుంజుమ్ కనుమను ఎక్కి, ఆవలనున్న బాతల్ వద్ద చంద్రానదీ తీరమునకు దిగును. అచ్చటినుండి ఛత్రు, గ్రాంఫూల మీదుగా మనాలి చేరును. మొత్తము దూరము సుమారు 200 కిలోమీటర్లు. మంచు అడ్డగించుటచే ఈ దారి సంవత్సరములో కొన్ని నెలలు మాత్రమే తెరచియుండును. బాతల్, ఛత్రుల నడుమ గుండ్రాళ్ళును, కొండలపైనుండి దారికి అడ్డముగా ప్రవహించు నాలాలును కలవు. మైదానములో మూడు నాలుగు గంటలలో ముగియు దూరము ఇచ్చట దినమంతయు పట్టవచ్చును.

ఇట్టి దారికి పోదలచినవాడు మొట్టమొదట తన దేహమును సిద్ధము చేసికొనవలెను. రాళ్ళపై ఆసనమున కూర్చుండి నడపుట కష్టము. ప్రతి కుదుపును వెన్నెముకకు తగులును. వాహనము సైతము తూలును. నిపుణులు ఫుట్‌రెస్టులపై లేచి నిలుచుండి, మోకాళ్ళను కొంచెము వంచి నడపుదురు. అప్పుడు కాళ్ళు స్ప్రింగుల వలె పనిచేయును. దేహభారము ఆసనమునుండి క్రిందనున్న ఫుట్‌రెస్టులకు దిగును. వాహనము కాళ్ళ నడుమ స్వేచ్ఛగా కదలుచు తన దారిని తాను చూచుకొనును. చక్రము ముందరి రాతిని చూచువాడు ఆ రాతిపైకే పోవును. ఇరువది అడుగుల దూరమున నున్న చదునైన చోటును చూచువాడు అచ్చటికి చేరును. ఈ విద్య ఒక్కనాటిలో అలవడునది కాదు. ఊరిబయట బండ్లబాటలలో, ఎండిన చెరువు నేలలో కొన్ని వారములు అభ్యసింపవలెను. పడిపోయిన వాహనమును వంటరిగా లేపుటయు ఈ అభ్యాసములోనిదే. వీపు వంచి లేపబోవువాడు నడుము నొప్పి తెచ్చుకొనును. వాహనమునకు వీపు ఆనించి, మోకాళ్ళ బలముతో వెనుకకు నెట్టువాడు సులభముగా లేపును.

పిదప వాహనమును పరీక్షింపవలెను. టైర్ల గాళ్ళు లోతుగా నుండవలెను. గొలుసును శుభ్రపరచి, నూనె పెట్టి, తగినంత వదులుగా బిగింపవలెను. బ్రేకు కట్టలు అరిగియున్నచో మార్పింపవలెను. గాలిని వడకట్టు ఫిల్టరు దుమ్ముతో నిండియున్నచో ఇంజనుకు ఊపిరాడదు. రాళ్ళదారిలో టైరు గాలిని కొంచెము తగ్గించినయెడల అది నేలను ఎక్కువ మేర అంటుకొని పట్టు నిలుపును. కాని మిక్కిలి తగ్గించినచో రాతికి, చక్రపు అంచుకు నడుమ ట్యూబు నలిగి చిరుగును. అందుచే రెండు ట్యూబులు, పంక్చరు అతుకులు, టైరు విప్పెడి కడ్డీలు, గాలిపంపు, పానాలు, క్లచ్చి తీగ, గొలుసు లంకె, స్పార్కు ప్లగ్గు వెంట నుండవలెను. వస్తువులుండుట చాలదు, వానిని వాడుట తెలియవలెను. ఇంటి వాకిట నీడలో ఒక్కమారైనను చక్రమును విప్పి ట్యూబు మార్చని వాడు చలిగాలిలో, వణకు చేతులతో ఆ పని చేయగలడా?

తరువాత సామాను. బండిలో బరువు వెనుకకు పడినచో కాడి లేచునని రైతు ఎరుగును. మోటారు సైకిలుకును అదే న్యాయము వర్తించును. పానాల వంటి బరువైన వస్తువులను క్రిందుగా, చక్రముల నడుమ అమర్చవలెను. ఇరుప్రక్కల సంచుల బరువు సమానముగా నుండవలెను. వెనుక ఎత్తుగా మూటలు కట్టినచో ముందుచక్రము తేలి దారి తప్పును. అక్కరకురాని వస్తువు ప్రతి ఒక్కటియు కొండ ఎక్కునప్పుడు శత్రువగును. కాని హెల్మెట్, మోచేతి, మోకాలి కవచములు, చీలమండను కప్పు బూట్లు, వానకోటు, ఉన్నిదుస్తులు, మందుల పెట్టె విషయమున లోభము పనికిరాదు.

పెట్రోలు లెక్కను చిన్న గణితముగా వేసికొనవచ్చును. కాజాలో పెట్రోలు బంకు కలదు. అది విడచిన పిదప మనాలి చేరువరకు దారిలో బంకును నమ్ముకొనరాదు. మైదానమున లీటరుకు 35 కిలోమీటర్లు పోవు వాహనము రాళ్ళదారిలో 25 మాత్రమే పోవుననుకొందము. దారి 200 కిలోమీటర్లు; అనుకోని అవసరములకు మరి 60. మొత్తము 260 కిలోమీటర్లకు 10.4 లీటర్లు కావలెను. మనాలి చేరుటకు 8 లీటర్లు చాలునని బయలుదేరినవాడు ఛత్రు వద్ద దారి మూసియున్నచో చిక్కుపడును. అచ్చటివరకు వచ్చిన సుమారు 120 కిలోమీటర్లను మరల వెనుకకు పోవుటకు అతని వద్ద పెట్రోలుండదు. ముందుకు పోవుటకే గాక వెనుకకు వచ్చుటకును పెట్రోలు ఉంచుకొనుటయే ఈ లెక్కలోని మర్మము.

మనుష్యుని ఊపిరికిని ఇట్టి లెక్కయే కలదు. 4,500 మీటర్ల ఎత్తున వాయుపీడనము సముద్రమట్టమున నుండు దానిలో సగమునకు కొంచెము మించి మాత్రమే యుండును. ఇంజను శక్తియు తగ్గును. నడపువాని శక్తియు తగ్గును. సుమారు 540 మీటర్ల ఎత్తున నున్న హైదరాబాదునుండియో, సముద్రమునకు చేరువనున్న విజయవాడనుండియో వచ్చినవాడు ఒక్కమారుగా పై ఎత్తులకు పోయినచో తలనొప్పి, వాంతులు, నిద్రలేమి కలుగును. ఇవి పర్వతవ్యాధి లక్షణములు. 3,000 మీటర్లు దాటిన పిదప రాత్రి విడిది చేయు స్థలము దినమునకు 500 మీటర్లకంటె ఎక్కువగా పెరుగరాదని వైద్యులు చెప్పుదురు. సుమారు 2,000 మీటర్ల ఎత్తున నున్న మనాలినుండి ఒక్కదినములో కనుమ ఎక్కుట ఇందుచేతనే మంచిది కాదు. సిమ్లాలో బయలుదేరి, కిన్నౌరు ప్రాంతపు కల్పా, నాకో గ్రామములలో ఆగుచు కాజా చేరి, అచ్చట రెండు రాత్రులు గడపి, పిదప కుంజుమ్ ఎక్కి మనాలికి దిగువాడు దేహమునకు అలవాటుపడుటకు వ్యవధి ఇచ్చినవాడగును. తలనొప్పి తగ్గకున్నచో ఇంకను పైకి పోరాదు. నడకలో తూలుచున్నను, కూర్చున్నను ఆయాసము తగ్గకున్నను, రాత్రియైనను సరే, క్రిందికి దింపవలెను. జాగుచేసినచో ప్రాణమునకే ముప్పు.

ఇక నాలాలను దాటుట. ఇవి మంచు కరగుటచే పుట్టిన ప్రవాహములు. రాత్రి చలికి మంచు గడ్డకట్టి నీరు తగ్గును. ఎండ ఎక్కిన కొలది మంచు కరగి నీరు పెరుగును. ఉదయమున చీలమండలోతున్న నాలా సాయంకాలమునకు తొడలలోతు కావచ్చును. కావున యాత్రికుడు ముందునాటి రాత్రి లోసర్‌లో నిలిచి, తెల్లవారగనే బయలుదేరవలెను. అప్పుడు సుమారు 60 కిలోమీటర్ల దూరములోని నాలాలను గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోయినను పదిగంటల లోపల చేరగలడు. ఒక గంట అధికముగా నిద్రించుటచే కలుగు నష్టము ఎంతటిదో దీనివలన తెలియుచున్నది.

నాలా వద్ద వాహనమును ఆపి, మొదట కర్రతో లోతు చూచుచు నడచి దాటవలెను. సన్నగా, నిశ్చలముగా కనబడు చోటు లోతైనది. వెడల్పుగా, గలగల పారు చోటు సాధారణముగా లోతులేనిది. మొదటి గేరులో, ఒకే వేగముతో, నడుమ ఆగక, ఆవలి గట్టును చూచుచు పోవలెను. ఇంజను నీటిలో ఆగిపోయినచో వెంటనే తిరిగి నడుపరాదు. గాలివలె నీరు అణగునది కాదు. సిలిండరులో నీరు చేరియుండగా ఇంజనును త్రిప్పినచో లోపలి కడ్డీ వంగిపోవును. వాహనమును గట్టునకు నెట్టి, ప్లగ్గు తీసి, నీటిని వెలువరింపవలెను. నీరు మోకాలు దాటియున్నను, ప్రవాహము కాళ్ళను లాగుచున్నను దిగరాదు. మరునాటి ఉదయమువరకు ఆగుట పిరికితనము కాదు.

ఇట్టి యాత్రకు ఒంటరిగా పోరాదు. కలసిపోవు ముగ్గురు నలుగురిలో ప్రతివాడును తన వెనుకవానిని కనిపెట్టుచుండవలెను. దారులు చీలుచోట వెనుకవాడు వచ్చువరకు ఆగవలెను. వేగమును అందరికంటె నెమ్మదియైనవాడు నిర్ణయింపవలెను. బయలుదేరునప్పుడు ఏ దారిని పోవునదియు, ఎన్ని గంటలకు చేరునదియు విడిది యజమానునకు చెప్పి పోవలెను. ఈ కొండలలో టెలిఫోను పలుకునని నమ్ముకొనరాదు. దారి తప్పుట ఎంతటి నిపుణునకైనను సంభవమే. 1977లో ఆఫ్రికాలో జరిగిన ఆబిజాన్-నీస్ పందెములో ఫ్రాన్సు దేశీయుడైన తియరీ సాబీన్ తన మోటారు సైకిలుతో ఎడారిలో దారి తప్పెను. అతనిని వెదకి రక్షించినవారు ఉండుటచే బ్రతికెను. తరువాత 1978 డిసెంబరు 26న ప్రారంభమైన ప్రఖ్యాత పారిస్-డకార్ పందెమును ఏర్పాటు చేసినవాడు ఆ సాబీనే.

చివరకు చెప్పవలసినది ఒకటి కలదు. చాలమంది సాహసమనగా ముందుకు దూకుట అని భావింతురు. కనుమ మీద మంచు కురియుచున్నప్పుడు, నాలా పొంగియున్నప్పుడు, సహచరునకు తలనొప్పి హెచ్చినప్పుడు వాహనమును వెనుకకు త్రిప్పగల్గుటకు అంతకంటె ఎక్కువ ధైర్యము కావలెను. అందుకు కావలసిన పెట్రోలు, కాలము, మనస్సు మూడును ముందుగానే సిద్ధముగా నుండవలెను. కనుమ వచ్చు సంవత్సరమును అచ్చటనే యుండును. ప్రాణము పోయినచో తిరిగిరాదు.

పదునెనిమిది సంవత్సరములు నిండి, లైసెన్సు పొందినవారికి మాత్రమే గేర్లుగల మోటారు సైకిలును నడపు హక్కు కలదు. కాని సన్నాహమునకు వయోనియమము లేదు. తన సైకిలుకు తానే పంక్చరు వేసికొనగల బాలుడు, పటమును చూచి దారి చెప్పగల బాలిక, పొంగిన వాగు ముందు ఆగి నీరు తగ్గువరకు ఓపిక పట్టగలవారు, పెద్దయైన పిమ్మట ఎట్టి కొండదారిలోనైనను క్షేమముగా ఇల్లు చేరుదురు. నిదానమే ప్రధానమని మన పెద్దలు ఊరక అనలేదు.