చలి తగ్గాక పాముకు తొలి మేత

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ రోజుల్లోనే పాము పెంచేవాళ్ళకు దాని ఆకలి గుర్తొస్తుంది. రెండు మూడు నెలలుగా ఏమీ తినలేదు, పాపం, పెద్ద ఎలుకనే వేద్దాం అనుకుంటారు. జాలి మంచిదే. కానీ చలి మందకొడితనం నుంచి తేరుకుంటున్న పాముకు ఎక్కువ చేటు చేసేది ఈ తొందరే. దానికి ముందు కావలసింది వెచ్చదనం, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే మేత.

మనిషి ఒంట్లో వేడి లోపలే పుడుతుంది. పాముకు అది బయటి నుంచి రావాలి. ఒళ్ళు చల్లగా ఉంటే జీర్ణరసాలు సరిగా పనిచేయవు. అప్పుడు మింగిన ఎలుక అరగకుండా కడుపులోనే కుళ్ళుతుంది, పాము దాన్ని కక్కేస్తుంది. పైగా తిండి లేని రోజుల్లో పాము పేగు చిక్కిపోతుంది. బర్మా కొండచిలువల మీద చేసిన పరిశోధనల్లో, తిన్న ఒకటి రెండు రోజుల్లోనే చిన్నపేగు బరువు దాదాపు రెండింతలైంది, ఆక్సిజన్ వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. అంటే చాన్నాళ్ళ తర్వాత తిన్నప్పుడు పాము తన జీర్ణవ్యవస్థను మళ్ళీ కట్టుకోవాలి, దానికి శక్తీ వేడీ కావాలి. చల్లని పాముకు పెద్ద ఎలుక వేయడం పొయ్యి రాజేయకుండా ఎసట్లో బియ్యం పోయడమే.

హైదరాబాద్‌లో చలి ఎంతని, ఇక్కడ పాముకు ఇవన్నీ అవసరమా అని అడగవచ్చు. అసలు చిక్కు ఆ కొద్దిపాటి చలితోనే వస్తుంది. జనవరిలో ఇక్కడ పగలు 29 డిగ్రీల దాకా ఉంటుంది, రాత్రి సగటున 15కి, కొన్ని రాత్రులు ఇంకా కిందికి దిగుతుంది. పగటి ఎండను నమ్మి మేత వేస్తే, అది అరిగేలోగా చల్లని రాత్రులు ఎన్నో వచ్చిపడతాయి. ఫలక్‌నుమాలో మేడ మీది రేకుల గదిలోనైతే ఈ తేడా మరీ ఎక్కువ. దగ్గర్లోని బహదూర్‌పురాలో, 1963లో జనానికి తెరిచిన నెహ్రూ జంతుప్రదర్శనశాలలోనూ చలికాలంలో జంతువులకు హీటర్లు పెడుతుంటారు. ఏ జాతి పాము అన్నదీ చూసుకోవాలి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల కార్న్ స్నేక్‌కు శీతాకాల సుప్తావస్థ సహజం. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్‌కు అది అక్కర్లేదు. దాన్ని ఏడాది పొడవునా వెచ్చగానే ఉంచాలి.

అడవిలో పాముకు హీటర్ ఎవరు పెడతారు, అది లేవగానే తినదా అన్నది మరో ప్రశ్న. అడవి పాము ముందు ఎండ కాచుకుంటుంది, చోటు మార్చుకుని తనకు తగిన వేడిని వెతుక్కుంటుంది. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని నార్సిస్ దగ్గర వసంతంలో వేలకొద్దీ గార్టర్ పాములు బొరియల్లోంచి బయటికొస్తాయి. వాటిలో మగవి జతకట్టే రోజుల్లో తిండి జోలికే పోవు. పెట్టెలో ఉన్న పాముకు మాత్రం మనం ఇచ్చిన వేడే గతి. అందుకే పెట్టెలో ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉండాలి. కార్న్ స్నేక్‌కు వెచ్చని మూల 28 నుంచి 30 డిగ్రీలు చాలు. ఆ వేడికి వారం రోజుల్లో మెల్లమెల్లగా తేవాలి, మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. పాము చురుగ్గా తిరుగుతూ నాలుక ఆడిస్తున్నాక మరికొన్ని రోజులు ఆగి, మామూలు కంటే చిన్న ఎలుకను వేయాలి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినదైతే పూర్తిగా కరిగించి, గోరువెచ్చగా చేసి ఇవ్వడం మేలు. బతికున్న ఎలుక మందకొడి పామును కరిచి గాయపరుస్తుంది. తిన్నాక రెండు రోజులు పామును చేత్తో ముట్టుకోకూడదు. కక్కేస్తే పది రోజులకు పైగా ఆగి, అంతకన్నా చిన్నది ఇవ్వాలి. మళ్ళీ కక్కితే పశువైద్యుడికి చూపించాలి. ఈ ఆలస్యంలో పాము ఆకలితో చస్తుందన్న భయం వద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము నెలల తరబడి తినకుండా ఉండగలదు, చల్లబడిన ఒంటికి ఖర్చయ్యే శక్తీ తక్కువే. సుప్తావస్థకు ముందే బక్కచిక్కిన పాము సంగతి వేరు. అసలు దాన్ని చలిలోకి పంపడమే తప్పు.

పాలు పాము ఆహారం కాదని కూడా చెప్పాలి. నాగులచవితికి పుట్టలో పాలు పోయడం మన నమ్మకం, దాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. కానీ పాములవాళ్ళ బుట్టలోని పాము పాలు తాగుతోందంటే దాన్ని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండగట్టారని అర్థం. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోవచ్చు. ఇక చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన పాములను పట్టి ఇంట్లో పెంచుకోవడం నేరం. విదేశీ జాతుల్లో బాల్ పైథాన్ లాంటివాటిని కేంద్ర ప్రభుత్వ 2024 నిబంధనల కింద దాని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చలికి మందగించిన పాము మీ ఇంటి మూలలో కనిపిస్తే దానికి ఏమీ పెట్టకండి, పట్టకండి, కొట్టకండి. దూరంగా ఉండి అటవీశాఖకు గానీ, నగరంలో పాములను కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ కబురు చేయండి.