నార్లాపూర్ పంపు నుంచి బోరు స్టార్టర్ దాకా: స్విచ్చుల వింతలు

పాలమూరు పల్లెల్లో చాలా పెద్ద బరువును కదిలించే స్విచ్ ఎక్కడుందంటే నార్లాపూర్ పేరు చెప్పాలి. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గరి ఈ పంప్‌హౌస్‌లో 2023 సెప్టెంబరు 16న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్విచ్ నొక్కి మొదటి పంపును నడిపించారు. దాని మోటరు 145 మెగావాట్లు. హార్స్‌పవర్‌లోకి మారిస్తే 1.94 లక్షలు. అంటే 5 హెచ్‌పీ బోరు మోటర్లు దాదాపు 39 వేలు ఒక్కచోట చేరితే ఎంతో, అంత.

అయితే వేలు నొక్కే బటన్ గుండా అంత కరెంటు పోదు. బటన్ అడుగుతుంది, అంతే. ఇలాంటి భారీ పంపు కదలాలంటే నీటిమట్టం చాలినంత ఉండాలి, బేరింగులు వేడెక్కి ఉండకూడదు, ఆయిల్ ఒత్తిడి సరిపోవాలి. ఒక్కో షరతూ ఒక్కో స్విచ్. అన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఏ ఒక్కటి తెరుచుకున్నా, ఎంత పెద్ద మనిషి నొక్కినా పంపు కదలదు. ఇంజినీర్లు ‘యాండ్ గేట్’ అనేది దీన్నే.

కరెంటు అసలే లేని స్విచ్ చూడాలంటే గద్వాలకు రావాలి. ఒళ్లు నూలుతో, అంచూ కొంగూ పట్టుతో నేసే ఇక్కడి చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంచు మీది బుటాలను నేయించేది మగ్గం పైనుండే జకార్డు. దానికి తగిలించిన అట్టల్లో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, కొక్కెం లేస్తుంది, పడుగు పోగును లేపుతుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందనే ఉండిపోతుంది. ఉంది, లేదు: కంప్యూటర్ భాషలో 1, 0. ఫ్రాన్స్‌లో జోసెఫ్ జకార్డ్ ఈ పరికరాన్ని రూపొందించింది 1804 ప్రాంతంలో. ఆ అట్టలను చూసే ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆజ్ఞలిచ్చే పద్ధతి ఆలోచించాడు. కంప్యూటర్ పుట్టుక గురించి రాసేవాళ్లు నేతగాళ్లకు ఒక్క వాక్యం ఇచ్చి ముందుకు పోవడం నాకెప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

ఆలస్యమైన ఆలోచనకు రికార్డు ఇవ్వాల్సి వస్తే స్విచ్చులతో తర్కం నడపాలన్న ఆలోచనకే ఇవ్వాలి. నిజం, అబద్ధం అనే రెండింటితో జార్జ్ బూల్ బీజగణితం కట్టింది 1847లో. ఆ తర్కాన్ని విద్యుత్ స్విచ్చులతో చేయవచ్చని ఛార్లెస్ పియర్స్ 1886లో ఒక ఉత్తరంలో సూచించాడు. పట్టించుకున్నవాళ్లు లేరు. ఎంఐటీలో 21 ఏళ్ల క్లాడ్ షానన్ 1937లో తన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసంలో దాన్ని పక్కాగా నిరూపించాడు. స్విచ్చులను వరసగా కలిపితే ‘యాండ్’, పక్కపక్కన కలిపితే ‘ఆర్’. ఆ కాలంలోనే జపాన్‌లో అకిరా నకషిమా, రష్యాలో విక్టర్ షెస్టకోవ్ కూడా ఇదే దారి పట్టారు. అదే 1937లో జార్జ్ స్టిబిట్జ్ తన వంటింటి బల్ల మీద రెండు రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్చులు), టార్చి బల్బులు, పొగాకు డబ్బా నుంచి కోసిన రేకు ముక్కలతో కూడికలు చేసే సర్క్యూట్ కట్టేశాడు.

ఒకే రకం గేటుతో చంద్రుడి దాకా పోయింది అపోలో కంప్యూటర్. అందులోని తర్కమంతా ‘నార్’ గేట్లే, అంటే ‘ఆర్’ను తిరగేసినవి. 2,800 చిప్పులు, చిప్పుకు రెండేసి గేట్లు.

ఇక సంఖ్యలో రికార్డు. 1941లో జర్మనీలో కొన్రాడ్ జూజే కట్టిన జెడ్3లో రెండు వేలకు పైగా రిలేలుండేవి. ఇప్పుడు ఆ పని చేసేది ట్రాన్సిస్టర్, అంటే కదిలే భాగాలు లేని స్విచ్. 2024లో సెరెబ్రాస్ కంపెనీ తెచ్చిన ఒక్క చిప్పులోనే అవి 4 లక్షల కోట్లు.

ఇంత పెద్ద లెక్కల పక్కన, అతి తక్కువ సామానుతో ‘జ్ఞాపకం’ ఉన్న సర్క్యూట్ వనపర్తి చేలల్లో ఏ బోరు దగ్గరైనా కనిపిస్తుంది. స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కి వేలు తీసేసినా మోటరు ఎందుకు తిరుగుతూనే ఉంటుంది? నొక్కగానే కాయిల్ అయస్కాంతమై కాంటాక్టర్‌ను లాగుతుంది. దాంతోపాటు పచ్చ బటన్‌కు పక్కదారిగా ఉన్న చిన్న కాంటాక్టు కూడా మూసుకుంటుంది. వేలు పోయినా ఆ పక్కదారి కాయిల్‌ను పట్టి ఉంచుతుంది. ఎర్ర బటన్, ఓవర్‌లోడ్ రిలే రెండూ ఇదే వరసలో ఉంటాయి. ఏది విడిపోయినా మోటరు ఆగుతుంది. కరెంటు పోయినా అంతే. మళ్లీ వచ్చినప్పుడు తనంతట తాను తిరగదు, డబ్బా అంతా మరిచిపోతుంది.

ఆ మరుపును రైతు భరించలేకపోయాడు. కరెంటు అర్ధరాత్రి వస్తే పాములు తిరిగే గట్ల మీద నడిచి పోయి బటన్ నొక్కాలి. అందుకే ఆటో స్టార్టర్ బిగించుకున్నాడు. కరెంటు రాగానే కొంచెం ఆగి పచ్చ బటన్ పని అదే చేస్తుంది. రైతుకు అది తెలివైన పని, గ్రిడ్‌కు గండం. ఫీడర్ ఆన్ కాగానే మోటర్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, బోరు ఎండుతుంది. 2018 జనవరి 1 నుంచి దాదాపు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెడుతూ ఆటో స్టార్టర్లు తీసేయమని తెలంగాణ ప్రభుత్వం ఊరూరా చెప్పింది.

స్టార్టర్ ఏదైనా, చెయ్యి తడిగా ఉందా, కాళ్లు బురదలో ఉన్నాయా అని అడిగే స్విచ్ ఆ సర్క్యూట్‌లో లేదు. డబ్బాకు ఎర్త్ సరిగా ఉందో లేదో తెలిసినవాళ్లతో చూపించుకున్నాకే బటన్ మీద వేలు పెట్టండి.