గని మూతపడితే.. బాగుచేసే పని ఎవరికి?

చిల్లకల్లు: జాతీయ రహదారిపై చిల్లకల్లు దాటిపోయే సిమెంటు లారీలను చూస్తే జగ్గయ్యపేట ప్రాంతానికి జీవనాధారం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. జయంతిపురం, ముక్త్యాల, బూదవాడ గ్రామాల చుట్టూ కర్మాగారాలు వెలిసింది ఇక్కడి సున్నపురాయి కోసమే. అయితే ఆ రాయి తరగని గని కాదు. తవ్వకం ముగిశాక మిగిలే గోతులను, మట్టి దిబ్బలను బాగుచేయడం కూడా పనే. దానికి కూలి ఉంది, నైపుణ్యం ఉంది, చట్టం చూపిన నిధులూ ఉన్నాయి. శిక్షణ పొందిన స్థానికులు లేకపోతే ఆ పని కూడా బయటి గుత్తేదారుల మనుషులకే వెళుతుంది.

తెలిసిన పని, తెలియని పని

సున్నపురాయి తవ్వేముందు పైనున్న సారవంతమైన మట్టిని విడిగా తీసి భద్రపరచాలి. దాని కింద వచ్చే పనికిరాని మట్టిని, రాతిముక్కలను దిబ్బలుగా పోస్తారు. వానకు అవి కరిగి దిగువ పొలాల్లో మేట వేయకుండా చుట్టూ కాలువ తీయాలి, అడుగున రాతికట్టు కట్టాలి. గోతి అంచులను మెట్లు మెట్లుగా దిద్దాలి. లోతైన గోతిలో నిలిచిన నీరు చెరువుగా ఉపయోగపడవచ్చు. గట్టుకు నిలకడ, చుట్టూ కంచె లేకుంటే అదే గొయ్యి పశువులకు, పిల్లలకు మృత్యుకూపమవుతుంది. చివరిగా దాచిన పైమట్టిని తిరిగి పరచి గడ్డి, చెట్లు పెంచాలి. తవ్వకం ఆగిన తర్వాత నేలను మేతకు, మొక్కలకు అనువుగా మార్చి గడ్డి పెంచాలన్న షరతును లీజుల్లో చేర్చాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.

ఈ పనుల్లో సగం మెట్ట రైతులకు, కూలీలకు కొత్తవి కావు. కాలువ తీయడం, గట్టు వేయడం, మొక్క బతికించడం వారికి తెలుసు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో సుబాబుల్ పెంచిన రైతులకు రాతినేలలో చెట్టు ఎలా నిలుస్తుందో ఒకరు చెప్పవలసిన పని లేదు. నర్సరీలను డ్వాక్రా మహిళలు నడపగలరు.

తెలియనిది మిగతా సగం. గాలిలో ధూళిని కొలిచే యంత్రాన్ని నడపడం, పరిశీలక బావుల్లో నీటిమట్టాన్ని క్రమం తప్పకుండా నమోదు చేయడం, నీటి నమూనాను చెడకుండా పట్టి గడువులోగా ప్రయోగశాలకు చేర్చడం, దిబ్బ వాలును కొలవడం, భారీ యంత్రాలను నడపడం వంటివి నేర్చుకుంటేనే వస్తాయి. జీతం ఎక్కువగా వచ్చేదీ వీటికే. నేర్పేవారు లేకపోతే స్థానికులకు పార, తట్ట మాత్రమే మిగులుతాయి.

కోలార్‌లో ఏం జరిగింది?

ముందుచూపు లేకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. రాష్ట్ర సరిహద్దు అవతల, కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు నూట ఇరవై ఏళ్లు నడిచి 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వాటిపై ఆధారపడిన తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు వీధిన పడ్డాయి. బంగారం తీయగా మిగిలిన సైనైడ్ కలిసిన మట్టి 3 కోట్ల టన్నులకు పైగా పట్టణం చుట్టూ దిబ్బలుగా ఉండిపోయింది. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లమీదకు వస్తుంది. వేలమంది మాత్రం తెల్లవారకముందే రైలెక్కి కూలి కోసం, కొలువు కోసం బెంగళూరు వెళ్లడం అలవాటు చేసుకున్నారు. ఊరి దిబ్బలను చక్కదిద్దే పని ఊరివారికి ఉపాధి కాలేదు. 13 దిబ్బల మట్టిని తిరిగి తవ్వి ఖనిజం తీసే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2024 జూన్‌లో, అంటే గని మూతపడిన 23 ఏళ్లకు. అప్పటికి గనిలో పనిచేసిన తరం వృద్ధాప్యానికి చేరింది.

అమెరికాలో పాత పరిశ్రమల నగరాలు ఇదే ఇబ్బందిని ఎదుర్కొన్నాయి. కర్మాగారాలు మూతపడిన స్థలాలను శుభ్రం చేయడానికి నిధులు వచ్చాయి గానీ, పనికి వేరే ఊళ్ల నిపుణులు వచ్చారు. కాలుష్యం మాకు, జీతాలు వారికా అని స్థానికులు అడగడంతో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 1998లో ఉద్యోగ శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కలుషిత స్థలాల చుట్టుపక్కల నివసించే నిరుద్యోగులను ఎంపిక చేసి, ప్రమాదకర వ్యర్థాల మధ్య పనిచేయడానికి అవసరమైన 40 గంటల భద్రతా శిక్షణతో పాటు ఇతర నైపుణ్యాలు నేర్పారు. 20 వేల మందికి పైగా ఈ శిక్షణ పూర్తి చేయగా వారిలో అత్యధికులకు ఉద్యోగాలు లభించాయి. పని ఇచ్చే సంస్థలతో ముందుగా మాట్లాడుకుని, వారికి కావలసినదే నేర్పడం ఇందుకు ముఖ్య కారణం.

మన దేశంలో కేంద్ర పర్యావరణ శాఖ 2017లో హరిత నైపుణ్యాభివృద్ధి కార్యక్రమాన్ని ఆరంభించింది. మురుగునీటి శుద్ధి, వ్యర్థాల నిర్వహణ వంటి కోర్సులు అందులో చేరాయి. ఆలోచన మంచిదే. కానీ చేతిలో ధ్రువపత్రం ఉన్నా ఊరి పక్క గనిలో ఆ పనికి ఖాళీ లేకపోతే, ఆ కాగితం పెట్టెలో పెట్టుకోవడానికే పనికొస్తుంది.

చట్టంలో ఏముంది?

కలుషిత ప్రాంతాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కలుషితం చేసినవారే శుద్ధి ఖర్చు భరించాలని అవి చెబుతున్నాయి. అయితే గనుల వ్యర్థాలను వాటి పరిధినుంచి మినహాయించారు. కాబట్టి ఈ ప్రాంత గోతులకు గనుల చట్టాలే దిక్కు.

సొంత కర్మాగారం కోసం పొందిన పాత లీజులకు 2015 నాటి చట్ట సవరణ గడువు నిర్ణయించింది. మంజూరైన నాటినుంచి 50 ఏళ్లు, పునరుద్ధరణ గడువు, 2030 మార్చి 31.. వీటిలో ఏది ఆలస్యమైతే అంతవరకు లీజు కొనసాగుతుంది. గడువు తీరిన గని వేలంలో మరల తెరుచుకోవచ్చు. మూతపడేదైతే రెండేళ్లు ముందుగా తుది మూసివేత ప్రణాళికను సమర్పించాలి. పని జరుగుతుందన్న హామీగా పెద్ద గనులకు హెక్టారుకు రూ.5 లక్షలు, మిగిలిన వాటికి రూ.3 లక్షల చొప్పున పూచీ ఇవ్వాలని 2021లో సవరించారు.

ఈ ప్రణాళికలో మూసివేత వల్ల కలిగే ఆర్థిక పరిణామాలపై ఒక భాగం ఉంటుంది. గనిలో ఎందరు స్థానికులు పనిచేస్తున్నారు, వారు పాత వృత్తులకు మరలగలరా, గనిపై ఆధారపడిన చిన్న వ్యాపారాల సంగతేమిటి అన్నది అందులో రాయాలి. గ్రామాల్లో ఆ భాగాన్ని చదివినవారు అరుదు. శిక్షణ గురించి అడగవలసింది అక్కడే.

డబ్బు విషయానికి వస్తే, జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి ఉంది. 2015 జనవరికి ముందు మంజూరైన ప్రధాన ఖనిజాల లీజుదారులు రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో పొందినవారు 10 శాతం దీనికి జమ చేయాలి. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఈ నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, విద్య, కాలుష్య నియంత్రణ, నైపుణ్యాభివృద్ధి వంటి అత్యవసర అంశాలకు వెచ్చించాలి. గనికి 15 కిలోమీటర్ల పరిధిని ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంగా పరిగణిస్తారు. రోడ్లకు, భవనాలకు ఈ నిధులు అడిగేవారు ఎందరో ఉంటారు. శిక్షణకు అడిగే గొంతు కూడా వినిపించాలి.

ముందు ప్రాణం

ఈ శిక్షణలో మొదటి పాఠం భద్రతే కావాలి. రాతి ధూళిలోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు పూర్తిగా నయం చేసే మందు లేదు. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఆ సన్నటి ధూళిని ఆపలేదు. 2024 జూలైలో బూదవాడ సిమెంటు కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో పలువురు కార్మికులు తీవ్రంగా గాయపడ్డారు, ప్రాణనష్టమూ జరిగింది. శిక్షణ లేనివారిని గని పనిలోకి తీసుకోరాదని 1966లోనే నిబంధనలు వచ్చాయి. గుత్తేదారు కింద వచ్చే రోజుకూలీకి కూడా అవి వర్తించాలని తెలిసినవారు తక్కువ.

కొత్త గనికి గానీ, విస్తరణకు గానీ పర్యావరణ అనుమతి కోరినప్పుడు 2006 నాటి ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతారు. 30 రోజులు ముందుగా పత్రికల్లో ప్రకటించాలి, నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి. అక్కడ గ్రామస్థులు చెప్పిన ప్రతి అభ్యంతరాన్ని నమోదు చేసి అందరి ఎదుట చదివి వినిపించాలి. ఎందరికి, ఏ పనిలో, ఎప్పటిలోగా శిక్షణ ఇస్తారన్న ప్రశ్నను లిఖితపూర్వకంగా ఇస్తే అది కూడా ఆ దస్త్రంలో చేరుతుంది.