జర్మన్ షెపర్డ్ శునకాల స్వభావం - పోషణలో మెలకువలు

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లకూ, తోటలకూ, కోళ్ల ఫారాలకూ కాపలాగా జర్మన్ షెపర్డ్ శునకాలను పెంచుతున్నారు. అల్సేషియన్ అన్న పేరుతోనూ ఇవి సుపరిచితమే. అయితే ఇది గొర్రెల మంద వెంట రోజంతా తిరగడానికి రూపొందిన జాతి. ఇటువంటి శునకాన్ని పగలంతా గొలుసుకు కట్టి ఉంచితే దాని సుగుణాలే దోషాలుగా మారతాయి. కాబట్టి జాతి స్వభావాన్ని అర్థం చేసుకొని పోషణ చేపట్టాలి.

జాతి నేపథ్యం

జర్మనీలో కంచె లేని పంట పొలాల నడుమ గొర్రెలను మేపేవారు. మంద పైరులోకి దిగకుండా శునకం పొలం అంచు వెంట అటూ ఇటూ తిరుగుతూ, కదిలే కంచెలా పనిచేసేది. కాపరి ఆజ్ఞను పాటించడంతో పాటు, అతడు దూరంగా ఉన్నప్పుడు సొంతంగా స్పందించడమూ దాని పనిలో భాగమే. ఇటువంటి శునకాల నుంచి మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ 1899లో ఈ జాతి అభివృద్ధికి శ్రీకారం చుట్టాడు. మగ శునకం భుజం వద్ద 60-65 సెం.మీ. ఎత్తు, 30-40 కిలోల బరువు ఉంటుంది. ఆడ శునకం 55-60 సెం.మీ. ఎత్తు, 22-32 కిలోల బరువు ఉంటుంది.

స్వభావం

చురుకుదనం, త్వరగా నేర్చుకునే శక్తి, యజమాని పట్ల విధేయత, కొత్తవారి పట్ల అనుమానం ఈ జాతి లక్షణాలు. కదిలే వాటిని అదుపు చేయాలన్న ప్రేరణ పుట్టుకతోనే వస్తుంది. అందువల్ల శిక్షణ లేని శునకం పరిగెత్తే పిల్లలను, సైకిళ్లను, మేకలను తరుముతుంది. పని లేకుండా కట్టి ఉంచితే అదే పనిగా మొరగడం, తన తోక చుట్టూ తానే తిరగడం, కరవడం వంటి అలవాట్లు ఏర్పడవచ్చు.

పిల్లకు 3 నుంచి 14 వారాల వయస్సు కీలకం. ఈ దశలో పలు రకాల మనుషులను, పశువులను, శబ్దాలను భయం లేకుండా పరిచయం చేయాలి. టీకాలు పూర్తయ్యే వరకు వీధికుక్కలు తిరిగే చోట్లకు తీసుకెళ్లరాదు. కొట్టి నేర్పితే భయం, దానితో దూకుడు పెరుగుతాయి. చెప్పినది చేసిన వెంటనే మెచ్చుకొని, చిన్న తినుబండారం ఇవ్వడం మేలు.

ఆహారం, వ్యాయామం

పిల్లలకు రోజుకు 3-4 సార్లు, ఎదిగిన వాటికి 2 సార్లు మేత ఇవ్వాలి. ఒకేసారి ఎక్కువగా తిన్నా, త్వరత్వరగా మింగినా కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం పెరుగుతుంది. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకుంటే అది ప్రాణాపాయ స్థితి. వెంటనే వైద్యశాలకు తరలించాలి. పెద్ద జాతి పిల్లలకు అదనపు కాల్షియం ఎముకల పెరుగుదలకు హాని చేస్తుంది.

ఎదిగిన శునకాన్ని ఉదయం, సాయంత్రం కలిపి కనీసం గంటకు పైగా నడిపించాలి. దాచిన వస్తువును వాసనతో వెతికించడం వంటి పనులూ అప్పగించాలి. ఎదిగే వయస్సులో ఎత్తుల నుంచి దూకించరాదు.

వేసవి జాగ్రత్తలు

ఈ జాతికి రెండు పొరల వెంట్రుకలు ఉంటాయి. వాటిని గొరిగించకుండా తరచూ దువ్వాలి. వేసవిలో తెల్లవారుజామున, పొద్దుగూకిన తర్వాత మాత్రమే నడిపించాలి. నీడ, గాలి, చల్లని నీరు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. తీవ్రంగా రొప్పుతూ, చిక్కని చొంగ కారుస్తూ, తూలితే వడదెబ్బగా భావించి శరీరాన్ని నీటితో తడిపి, గాలి తగిలేలా ఉంచి, పశువైద్యుని వద్దకు చేర్చాలి.

ఆరోగ్య రక్షణ

తుంటి కీలు లోపం ఈ జాతిలో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. కొనే ముందు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే నివేదికలను పరిశీలించాలి. బాగా తింటున్నా చిక్కిపోతూ, జిడ్డుగా ఎక్కువ మలం విసర్జిస్తే క్లోమరసం లోపాన్ని అనుమానించాలి. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియోసిస్ ఈ జాతిలో తీవ్రరూపం దాల్చుతుంది. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం దీని లక్షణాలు. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ వంటి మందులను సలహా లేకుండా ఇవ్వరాదు. 6-8 వారాల నుంచి టీకాలు, 3 నెలలకు రేబిస్ టీకా, ఆపై పశువైద్యుని సూచన ప్రకారం బూస్టర్లు వేయించాలి.

రోజూ సమయం కేటాయించగలవారే ఈ జాతిని ఎంచుకోవాలి. కేవలం మొరిగి హెచ్చరించే కాపలా చాలనుకునేవారికి, మన వాతావరణానికి అలవాటుపడిన నాటు కుక్క మేలైన ఎంపిక.