ఒంటె మీద ఒక రాత్రి

1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన పల్లెల పిల్లలు ఎందరో మాదాపూరు, గచ్చిబౌలి ఆఫీసులలో ఉద్యోగాలకు చేరారు. జగిత్యాల వైపు మా సంఘములో పెరిగిన ఒక యౌవనస్థుడు కూడా అక్కడే పనిచేస్తున్నాడు. గత డిసెంబరులో తోటి ఉద్యోగులతో దుబాయి వెళ్ళి, ఒక రాత్రి ఎడారిలో గుడారము వేసుకుని గడిపి వచ్చాడు. క్రిస్మస్‌కు ఊరికి వచ్చి, ఆరాధన అయ్యాక ఫోనులో ఫొటోలు చూపిస్తుంటే అందరమూ చుట్టూ చేరాము.

ఒంటె ఎక్కడమే పెద్ద పని అట. కూర్చున్న ఒంటె లేచేటప్పుడు ముందుగా వెనుక కాళ్ళు ఎత్తుతుంది. గట్టిగా పట్టుకుని వెనక్కి వాలకపోతే ముందుకు బోర్లా పడటమే. పావుగంట సవారీ, తరువాత కాల్చిన మాంసము, రొట్టెలు, ఆకాశము నిండా నక్షత్రాలు. పగలంతా కాలిన ఇసుక పొద్దు గూకగానే చల్లబడుతుంది. గాలిలో తేమ, పైన మబ్బు లేవు గనుక వేడి నిలువదు. అర్ధరాత్రికి రెండు దుప్పట్లు కప్పుకున్నాడట.

మన తెలుగు బైబిలులో ఎక్కువ చోట్ల ‘అరణ్యము’ అని ఉన్నది గనుక, ఇశ్రాయేలీయులు చెట్ల నీడన నడిచారనే సండేస్కూలు రోజుల్లో నేను అనుకునేవాడిని. ఆ ఫొటోలలో కంటికి ఒక్క చెట్టు లేదు.

మాటల్లో రిబ్కా సంగతి వచ్చింది. దాహముతో ఉన్న ఒంటె ఒక్కసారికి 100 లీటర్ల నీళ్ళు త్రాగగలదు. అబ్రాహాము దాసుని ఒంటెలు పది. వెయ్యి లీటర్లు కడవతో చేదిన ఆ చిన్నదాని చేతులు ఏమైపోయి ఉంటాయో అని స్త్రీలు నవ్వుకున్నారు.

అప్పుడు వెనుక నిలబడ్డ ఒక తల్లి ముందుకు వచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నది. “బిడ్డా, గీ ఒంటెల కాడ మా చిన్నోడు కనవడ్డడా?” అని అడిగింది.

ఎవరూ నవ్వలేదు. ఆమె కుమారుడు రెండేళ్ళ క్రితము సౌదీ వెళ్ళాడు. ఇంటి డ్రైవరు పని అని ఏజెంటు చెప్పాడు. తీసుకువెళ్ళి ఎడారిలో ఒంటెల కాపలాకు పెట్టారు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉన్నది, జీతము సరిగా రాదు. “దుబాయి వేరు, సౌదీ వేరు పెద్దమ్మా” అన్నాడు మా వాడు. ఆపై మాట రాలేదు.

పగలు ఎండకు, రాత్రి మంచుకు క్షీణించి, నిద్ర లేక మందలు కాచానని యాకోబు లాబానుతో వాదించాడు. తన జీతము పదిమార్లు మార్చారని కూడా చెప్పాడు. ఎదుట నిలబడి అడిగే వీలైనా అతనికి ఉండెను.

ఈ వివరాలు ఇంట్లో పెద్దలు తెలుసుకోవాలి. సౌదీ సాధారణ కార్మిక చట్టము ఇంటి పనివారికి, పశువుల కాపరులకు వర్తించదు. పదవ తరగతి పాసు కానివారు సౌదీ, కువైటు వంటి దేశాలకు పనికి వెళ్ళాలంటే మన 1983 వలస చట్టము ప్రకారము అనుమతి పొందాలి. ఆ కార్యాలయము హైదరాబాదులో ఉన్నది. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోరాదు. అనుమతితో వెళ్ళేవారికి 10 లక్షల ప్రవాసీ బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్నవాడు ఈ రక్షణలన్నీ తీసివేస్తున్నాడన్నమాట.

ఆ సాయంత్రము మా వాడు ఆమె ఇంటికి వెళ్ళాడు. రేకు పెట్టెలో ఉన్న వీసా నకలు ఫోనుతో చదివించాడు. పని అన్న చోట అరబ్బీలో ‘ఒంటెల కాపరి’ అని మొదటి నుండీ వ్రాసి ఉన్నది. ఇంట్లో ఎవరికీ ఆ అక్షరాలు రావు, ఎవరిచేతా చదివించనూ లేదు.

విదేశాంగ శాఖ వారి ‘మదద్’లో ఫిర్యాదు నింపుతూ ఒక చోట ఆగి, “ఏ ఊర్లో ఉన్నడు పెద్దమ్మా?” అని అడిగాడు.

“ఊరు లేదట బిడ్డా. చుట్టూ ఇసుకనే అంటడు.”

ఫిర్యాదు నంబరు వచ్చింది. జవాబు కొరకు ఎదురు చూస్తున్నాము. మీ కుటుంబ ప్రార్థనలో ఆ తల్లిని, కుమారుని జ్ఞాపకము చేసుకొనండి.